నాగలిని మరచిన వంశావళి

ఆదివారము తెల్లవారుజామున తూంకుంట దాటి రాజీవ్ రహదారి మీదుగా శామీర్‌పేట వైపు సాగిపోవువానికి రెండు జాతుల యంత్రములు ఎదురుపడుచుండును. వానిలో ఒకటి, వరిగడ్డి మోపులనో ఇటుకలనో ట్రాలీ నిండ నింపుకొని, వెనుకనుండి వచ్చు హారను మోతలను లెక్కసేయక, తన దారిని తాను పోవు ట్రాక్టరు. రెండవది, 2018లో కండ్లకోయ కూడలి తెరువబడుటతో పూర్తియైన 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుపై మేడ్చల్ మొదలుకొని శామీర్‌పేట వరకు గాలితో పందెము వేసి, ఆ పందెమున గెలిచితినను గర్వముతో దిగువ రోడ్డునకు దిగివచ్చిన, మనుష్యుని ఱొమ్మెత్తైనను లేని పరదేశపు పందెపుకారు. మొదటిదానిని చూచి ఎవరును తల త్రిప్పరు. రెండవదానిని చూచి తల త్రిప్పనివారు లేరు.

మొన్న నొకనాడు చెరువు వైపు చీలిపోవు ఊరిబాట మొదట ఈ రెండు జాతులును ఒకే స్పీడు బ్రేకరు కడ కలిసికొనిన దృశ్యమును నేను టీకొట్టు బల్లపై కూర్చుండి చూచితిని. పసుపుపచ్చని పందెపుకారొకటి, ఏ కంపెనీదో ఇచట చెప్పనక్కరలేదు, ఆ గడ్డ ముందు ఆగి, ముక్కు కొంచెము పైకెత్తి, కుడిచక్రమును ముందుగా ఎక్కించి చూచి, అడుగున గీచుకొనిన చప్పుడు విని, వెనుకకు వచ్చి, మరల ఏటవాలుగా ప్రయత్నించుచుండెను. దాని వెనుక నిలిచిన ట్రాక్టరుపైనున్న పెద్దాయన కొంతసేపు ఓపిక పట్టి, పిమ్మట తల ముందుకు వంచి, "తమ్మీ, ఇన్ని పైసలు వోసి కొన్నవు, గీ గడ్డ ఎక్కదా?" అని అడిగెను. "లేదు కాకా, కింద రాస్కుంటది" అని ఆ కుర్రవాడు సిగ్గుపడుచునే సమాధానము చెప్పి, కారును ప్రక్కకు తీసి దారి యిచ్చెను. ట్రాక్టరు ఆ గడ్డను ఎక్కినట్లును దిగినట్లును కూడ తోపనీయక సాగిపోయెను.

ఈ చిన్న సంఘటనమును చూచిన టీకొట్టు సభ అటుపై ఒక గంటసేపు లాంబోర్గిని అను ఇటలీదేశపు కార్ల కంపెనీని గూర్చి వాదము సలిపెను. ఆ వాదము కొత్తది కాదు. మోటారు వ్యామోహము గల యువకులు కూడిన ప్రతిచోటను, మోటారు పత్రికలలోను, అది చిరకాలముగా వినవచ్చుచున్నదే. దానిని న్యాయముగా సంగ్రహింతును. పూర్వకాలమున లాంబోర్గిని మహాశిల్పుల కర్మశాల. 1966 నాటి మియురా, 1974లో అమ్మకమునకు వచ్చిన కౌంటాచ్, ఇవి నేలబారు సౌందర్యమునకు పరాకాష్ఠలు. ఒక్క మనిషి పంతమునుండి పుట్టిన ఆ వంశము జర్మనుల చేత చిక్కి, ఎత్తైన నాలుగు తలుపుల ఉరుస్ అను కుటుంబవాహనమును కనుటతో కులభ్రష్టమైనది. ఆ వాహనమునకు ఎముకలు సైతము సొంతవి కావు, ఆడి, పోర్షె, బెంట్లీ కార్లతో పంచుకొనినవి. ఇక మిగిలినది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట మాత్రమే. ఇది పూర్వపక్షము. 2021లో నటుడు జూనియర్ ఎన్.టి.ఆర్. ఉరుస్ కారును తెప్పించుకొనినపుడు మన పత్రికలు దానిని వార్తగా వ్రాయగా, "అది అసలైన లాంబోర్గిని కాదులే" అని పెదవి విరిచినవారు మన నగరమున తక్కువమంది కారు.

ఈ పూర్వపక్షమును నేను ఆమూలాగ్రముగా కాదందును. కాదనుటకు కారణము ఉరుస్ మీది ప్రీతి కాదు. నాకు ఆ కారును కొను స్తోమత లేదు, కొనవలెనను కోరికయు లేదు. ఒక వంశమును గూర్చి మాటలాడువాడు ఆ వంశావళిని మొదటి పేరునుండి చదువవలెను గాని తనకు నచ్చిన తాతయొద్ద మొదలుపెట్టి, ఆ తాతకు తండ్రి లేడని వాదింపరాదు. ఈ శుద్ధివాదులు చేయుచున్న పని అదియే.

మొదటి పేరు మియురా కాదు, కరియోకా. అది కారే కాదు; ట్రాక్టరు. ఫెరుచ్చియో లాంబోర్గిని 1916లో చెంతో సమీపమున రెనాజ్జో అను పల్లెలో వ్యవసాయదారుల యింట పుట్టి, యుద్ధకాలమున రోడ్సు ద్వీపమందు సైనిక వాహనముల మరమ్మతు పనిలో చేయితిరిగి, యుద్ధానంతరము స్వగ్రామమునకు వచ్చునప్పటికి ఇటలీ పొలములకు దున్ను యంత్రములు లేవు. యుద్ధము విడిచిపోయిన సైనిక వాహనములు మాత్రము గుట్టలుగా పడియున్నవి. అతడు వానిని కొని, విప్పి, అందలి మోరిస్ ఇంజనులను ట్రాక్టరులకు అమర్చెను. పెట్రోలు ఖరీదైనది కావున, పెట్రోలుతో మొదలై, వేడెక్కిన పిమ్మట చవుకయైన డీసెలుతో నడచునట్లు ఇంధనమును తుంపరగా మార్చు ఏర్పాటొకటి కనిపెట్టి, 1948లో తన తొలి యంత్రమును రైతుల ముందు నిలిపెను. మేడ్చల్ పారిశ్రామికవాడలో లేతు ముందు నిలుచుండి పాత లారీ విడిభాగముతో కొత్త మోటారును బ్రతికించు మన మెకానిక్కు ఈ మనిషిని చూచినచో వెంటనే చుట్టరికము కలుపుకొనియుండును.

ఇప్పుడు "ఎరువు తెచ్చుకొనిన ఎముకలు" అను ఆక్షేపమును తూచి చూడుడు. ఉరుస్ తన చట్రమును ఆడి క్యూ7, పోర్షె కయెన్, బెంట్లీ బెంటేగాలతో పంచుకొనుట నిజమే. కాని ఆ వంశమునకు మూలపురుషుడైన యంత్రము పరాయిదేశపు ఇంజనుతో పుట్టినదను సంగతి తెలిసినవాడు దీనిని కులభ్రష్టత్వమని ఎట్లు పలుకగలడు? చేతికి అందినదానిని తీసికొని, దానికి తన బుద్ధిని జోడించి, ఎవ్వరును ఊహింపని ప్రయోజనమును సాధించుట ఆ యింటి మొదటి అలవాటు. అంతయేల, 2003 మొదలు 2013 వరకు పదునాలుగువేల పైచిలుకు అమ్ముడుపోయి, ఈ శుద్ధివాదులచేతనే ముద్దులాడబడిన గలార్డో, ఆడి ఆర్8 దగ్గరి చుట్టములు; అప్పుడు లేని అంటుముట్టులు ఇప్పుడెచటినుండి వచ్చినవి? నాలుగు తలుపులు గలదానికి మాత్రమే మైల అంటునా?

రెండవ ఆక్షేపము రూపమును గూర్చినది. లాంబోర్గిని అనగా నేలబారుగా ఉండవలెను, ఇద్దరే కూర్చుండవలెను, చెవులు చిల్లులు పడునట్లు రొదచేయవలెను అందురు. ఈ లక్షణములను నిర్ణయించినవారెవరు? స్థాపకుడు మాత్రము కాదు. ఫెరారీ కారు క్లచ్చును గూర్చి అతడు ఫిర్యాదు చేయగా ఎంజో ఫెరారీ "ట్రాక్టరు తోలుకొనుము" అన్నట్లుగా వెక్కిరించెననియు, ఆ పంతముతోనే 1963లో సంత్అగాతా బొలొన్యేసె అను ఊర కార్ల కర్మాగారమును నెలకొల్పెననియు చెప్పు కథ జగమెరిగినదే. అందులో అతిశయోక్తి పాలు ఎంతయున్నను, అతడు కోరిన కారు ఎట్టిదో అతని తొలి కారే సాక్ష్యము చెప్పును. 1964లో వెలువడిన 350 జి.టి. దూరప్రయాణమున అలసట కలుగనీయని, మర్యాదగల, మృదువైన విహారవాహనము. పందెములలో పాల్గొనుటకు అతడు కంపెనీని అనుమతింపలేదు. 1948 నాటి మిల్లె మిల్యా పందెమున తాను మార్పుచేసిన చిన్న ఫియట్ కారును నడిపి, త్రోవలోని ఒక భోజనశాల గోడలో దూరి నిలిచిపోయిన అనుభవము అతనికి జీవితాంతము జ్ఞప్తియందుండెనేమో!

మరి మియురా? అది స్థాపకుని మానసపుత్రిక కాదు. జానపావ్లో దల్లారా, పావ్లో స్తంజానీ, బాబ్ వాలెస్ అను ముప్పది యేండ్లు నిండని ముగ్గురు, యజమాని అంతగా ఆసక్తి చూపకున్నను, పనివేళలు ముగిసిన పిదప రాత్రులు మేల్కొని తీర్చిన యంత్రమది. 1965 నవంబరున తూరిన్ ప్రదర్శనమున బట్టలు కట్టని బిడ్డవలె ఉత్త చట్రముగానే నిలుచుండి జనులను ఆకర్షింపగా, బెర్తోనె శాలలోని మార్చెల్లో గందీనీ దానికి మరుసటి మార్చి నాటికి మేను తొడిగెను. దాని సౌందర్యమును నేను తక్కువచేయను. చూచిన కన్ను మరలదు. కాని సత్యము చెప్పవలసివచ్చినపుడు చెప్పక తప్పదు: అధికవేగమున దాని ముందరిభాగము నేలను విడిచి లేవజూచెడిది, ఇంజనుకును గేర్లకును చాలకాలము ఒకే నూనె, డ్రైవరు వీపు వెనుకనే పండ్రెండు సిలిండర్ల కొలిమి. దానిని నడుపుట ఒక తపస్సు, దానిని కాపాడుకొనుట మరియొక తపస్సు.

కౌంటాచ్ సంగతి మరియు వినోదకరము. ఆకసమునకు తెరచుకొను ఆ తలుపులను గోడపటములలో చూచి పెరిగినవారిలో, దానిని వెనుకకు నడుపు విధానమెట్టిదో తెలిసినవారు తక్కువ. వెనుక అద్దమున ఏమియు కానరాదు గనుక, డ్రైవరు తలుపును పైకెత్తి, ఆసనమును విడిచి, అంచుగడపపై పిఱుదు మోపి, ఒక కాలితో తొక్కుచు, ఒక చేత చక్రమును పట్టుకొని, మెడను వెనుకకు త్రిప్పి చూచుచు దానిని వెనుకకు నడుపవలెను. మన ట్రాక్టరు డ్రైవరు ట్రాలీని వెనుకకు తోయునపుడు సరిగా అట్లే ఆసనము అంచున వాలి, మెడ త్రిప్పి చూచును. వంశలక్షణము ఎక్కడ దాగునో చూడుడు! శుద్ధివాది మిక్కిలి పవిత్రమని కొలుచు కారులోనే నాగలి వాసన అందరికంటె ఎక్కువగా ఉన్నది.

అదియునుగాక, ఆ స్వర్ణయుగముననే ఈ కంపెనీ కుటుంబములకు కార్లు చేసెను. 1968 మొదలు 1978 వరకు తయారైన ఎస్పాడా నలుగురు హాయిగా కూర్చుండదగినది. మియురాలు ఏడువందల అరువది పైచిలుకు పుట్టగా, ఎస్పాడాలు వెయ్యిన్ని రెండువందలు దాటినవి. ఎత్తైన బండియు కొత్త కాదు. 1986లో వెలువడిన ఎల్.ఎం.002 అను ఎడారిబండి కౌంటాచ్ ఇంజనును మోయుచు, ఇసుకపై నడచుటకై ప్రత్యేకముగా చేయించిన టైర్లు తొడిగికొని, సుమారు 2,700 కిలోల బరువుతో, ఇప్పటి 2,200 కిలోల ఉరుస్ కంటె మోటుగా తిరిగినది. మూడువందలే పుట్టినవి గనుక నేడు దానిని అపురూపమని సంగ్రాహకులు వెదకికొందురు. వేలకొలది పుట్టుచున్నది గనుక దాని మనుమని అపచారమందురు. ఇది రూపమును గూర్చిన తీర్పు కాదు, సంఖ్యను గూర్చిన ఉక్రోషము.

మూడవ ఆక్షేపము ఆత్మను గూర్చినది: ఒక్క మనిషి చేతినుండి జారి కార్పొరేటు చేతులలో పడినదట! ఆ మనిషి 1972లో కంపెనీలో సగముపై వాటాను, 1974లో మిగిలినదానిని అమ్మివేసి వెడలిపోయెను. తొలి కౌంటాచ్ కొనుగోలుదారుని చేరిన సంవత్సరమును అదియే. అటుపిమ్మట ఆ కంపెనీ 1978లో దివాలా తీసి, మిమ్రాన్ సోదరుల చేత కోలుకొని, 1987లో అమెరికా క్రైస్లరు వశమై, 1994లో ఇండొనేషియా పెట్టుబడిదారులకు దక్కి, 1998లో ఆడిని చేరెను. అనగా, శుద్ధివాది స్తుతించు కౌంటాచ్, డియాబ్లోల చరిత్రమంతయు స్థాపకుడు లేని చరిత్రమే, యజమానులు సత్రపు బాటసారులవలె మారిన చరిత్రమే. ఇన్ని చేతులు మారినను మారనిదేమనగా, జొత్తో బిజ్జరీనీ 1963లో గీచిన 3.5 లీటర్ల పండ్రెండు సిలిండర్ల ఇంజను. అది పెరిగి పెరిగి 6.5 లీటర్లై, మర్సియెలాగో కడపటి కారు వెలువడిన 2010 వరకు ఊపిరితో ఉండెను. ఆ ఇంజను చివరి పండ్రెండేండ్లును ఆ జర్మనుల యింటనే గడచినవి. ఆత్మ యనునది ఉన్నచో అది కార్యశాలలో ఉన్నది. రిజిస్ట్రారు కాగితములలో లేదు.

చిట్టచివరిది ధనమును గూర్చిన ఆక్షేపము. ఇందే మన శుద్ధివాది పూర్తిగా దారి తప్పినాడు. మియురాకు తిండి పెట్టినదెవరు? కార్ల కర్మాగారము కాదు. ట్రాక్టరుల అమ్మకము, దానికి తోడు ఇండ్లను వెచ్చజేయు చమురుపొయ్యిల వ్యాపారము. రైతు చాలు దున్నగా వచ్చిన లాభముతో రాజకుమారులకు బొమ్మలు చేసిరి. 1970 దశకపు మొదట బొలీవియా నుండి వచ్చిన పెద్ద ట్రాక్టరుల ఆర్డరు రద్దై, ట్రాక్టరుల కంపెనీ ఎస్.ఏ.ఎం.ఇ. సంస్థకు అమ్ముడుపోయినంతనే, అన్నము పెట్టు చేయి తెగిన కార్ల కంపెనీ ఆరేండ్లలో దివాలా తీసెను. ఆ తెగిన చేయి మరల మొలచుటకు నలువదేండ్లకు పైగా పట్టినది. ఉరుస్ రాకకు ముందు, 2017లో, ఈ కంపెనీ ప్రపంచమంతట అమ్మిన కార్లు 3,815, 2023లో 10,112, అందు 6,087 ఉరుస్‌లే. అదే 2023లో పండ్రెండు సిలిండర్ల ఇంజనునకు మూడు విద్యున్మోటార్లు జోడించి, వెయ్యికి మించిన అశ్వశక్తితో రెవ్వెల్టో వెలువడినది. చిన్న ఇంజనులకు, ఉత్త విద్యుత్తునకు లోకమంతయు ఒరుగుచున్న కాలమున, పండ్రెండు సిలిండర్ల విలాసమును కొనసాగింపగల ధైర్యము ఎవరి సంపాదనపై నిలిచినది? ఉరుస్ ఈ వంశమున అల్లుడుగా చొరబడిన పరాయివాడు కాడు. ఎన్నడో ఇల్లు విడిచిపోయిన ట్రాక్టరు తిరిగివచ్చి కూర్చుండిన స్థానమది.

పేరును కూడ విచారింపుడు. మియురా ఎద్దులను పెంచిన స్పెయిను వంశము పేరు. ఎస్పాడా ఎద్దుపోరువాని ఖడ్గము పేరు. ఉరుస్ మాత్రము పెంపుడు పశువులన్నింటికిని మూలమైన ఆదిమ వన్యవృషభము పేరు. బరిలో రంకెవేయు ఎద్దునకును, కాడి మోయు ఎద్దునకును అది ఉమ్మడి పూర్వుడు.

ఇంతమాత్రమున నేటి లాంబోర్గిని నిర్దోషియని నా మతము కాదు. తెరలు, మీటలు, హెచ్చరికల గంటలు పెరిగి డ్రైవరు చేతిపని తరిగినదను విచారము నిజమైనది. కేవలము నల్గురి కంట పడుటకే కొనబడు యంత్రము ఎంత చక్కనిదైనను దాని శక్తి వృథా యనుటయు నిజమే. ఔటర్ రింగు రోడ్డుపై రాత్రివేళల ప్రాణములతో పందెమాడు దుర్మదమును ఖండించుటకు ఇంతకంటె కఠినమైన వ్యాసము వ్రాయవలసియున్నది. కాని ఈ దోషములలో ఒక్కటియు ఎత్తైన రూపమునుండి పుట్టినది కాదు. నేలబారు కార్లకును ఇవన్నియు కలవు. విమర్శింపదలచినవాడు వీనిని విమర్శింపవలెను. అది విడిచి, నలువదేండ్ల క్రిందటి గోడపటమును కొలబద్దగా పట్టుకొని, దానికి సరిపోనిదెల్ల పతితమనుట విమర్శ కాదు. అది తాతలు త్రాగిన నేతిని తలచుకొని మూతి వాసన చూపుట వంటిది.

యంత్రమునకు శుద్ధి అనగానేమి? అది తిరుగవలసిన నేలకు తగియుండుట గదా! తనను మొదట గీచిన చేయి మెచ్చుకొనుటకు కాక, తాను చేరిన ఊరి గతుకులకు బదులు చెప్పుటకు పుట్టినది గనుకనే కరియోకా శుద్ధమైనది. మన మేడ్చల్, శామీర్‌పేటల నేల, నున్నని ఎనిమిది వరుసల రోడ్డునుండి దిగినంతనే గడ్డలు, గుంతలు, మొరము, వానకాలపు మడుగు. అవసరమునుబట్టి అడుగును సుమారు 25 సెంటీమీటర్ల వరకు ఎత్తుకొనగల వాహనము ఇచటి ఊరిబాటపై స్వేచ్ఛగా తిరుగును. ఎత్తుకొనజాలనిది పల్లకిలోని పెండ్లికూతురివలె రోడ్డు నెరిగి, బోయీల దయనెరిగి సాగవలెను. బందీతనమును పాతివ్రత్యమని పొగడుట మనకు ఇతర విషయములలో అలవాటైన దుర్గుణమే. దానిని కార్లకు సైతము పట్టింపవలెనా?

ఫెరుచ్చియో కథ ముగిసిన తీరును తెలిసికొనినచో ఈ వాదమునకు శాంతి కలుగును. కార్లను, ట్రాక్టరులను విడిచిపెట్టి, అతడు ఉంబ్రియాలో త్రసిమేనో సరస్సు చెంత భూమి కొని, ద్రాక్షతోట నాటెను. 1993లో కన్నుమూయువరకు అతని మనస్సు ఆ తోటయందే. అచటి ద్రాక్షాసవమునకు "మియురా రక్తము" అని అర్థము వచ్చు పేరు పెట్టెను. చెరువుగట్టు, ఒడ్డున ద్రాక్షపందిళ్లు: ఈ చిత్రమును గీయుటకు శామీర్‌పేటవారికి ఇటలీ పోనక్కరలేదు. అనాబ్-ఎ-షాహీ పందిళ్లు మేడ్చల్ చుట్టుపట్ల వరుసలు తీర్చిన కాలము పెద్దలకింకను జ్ఞప్తియందున్నది. నీరు అడుగంటి, నేల ధర ఆకసమంటి, ఆ పందిళ్లు ప్లాట్లైనవి, ప్లాట్లు విల్లాలైనవి, విల్లాల ముంగిళ్లలో పందెపుకార్లు వెలసినవి. అతడు కారునుండి ద్రాక్షకు నడచెను. మనము ద్రాక్షనుండి కారునకు నడచితిమి. ఈ రెండు నడకలలో ఏది పతనమో శుద్ధివాదులు తీరికగా ఆలోచింతురు గాక.

ఆనాటి పసుపుపచ్చని కారు కథ మిగిలియున్నది. ట్రాక్టరు దాటిపోయిన పిదప ఆ కుర్రవాడు కొంతసేపు దాని చక్రముల జాడను చూచుచు నిలిచెను. ఆ పెద్ద చక్రములు పలుమార్లు నడచుటచేత గడ్డ ఎడమకొన కొంత అరిగి పల్లమైయున్నది. అతడు మెల్లగా కారును అటు త్రిప్పి, ఆ అరిగిన చోటనే ఎక్కించి, చప్పుడు లేక దాటిపోయెను.